రెండు బ్యాగుల నియమం

బ్యాగు పోయింది ఆదివారం సాయంత్రం. మేమెక్కి వచ్చిన ప్యాసింజర్ వరంగల్ స్టేషన్ దాటి వెళ్ళిపోయాక గాని నా భుజం ఖాళీగా ఉందని తెలియలేదు.

"సార్, నా ఫామ్స్ ఇయ్యుండ్రి," అంది షారోన్ తడిసిన చున్నీ పిండుకుంటూ. నా ముఖం చూసి ఆగింది. "బ్యాగేది?"

రైలు వెళ్ళిన వైపు చెయ్యి చూపించాను.

"సరే, ఫామ్స్ పోతే పోయినయి. వాటి మీద పేర్లుండవు. లిస్టు దాంట్ల లేదు కదా?"

"లిస్టు కూడా అందులోనే ఉంది."

ఆమె ప్లాట్‌ఫామ్ బెంచీ మీద కూర్చుండిపోయింది.

షారోన్ నేరశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఇంట్లో దెబ్బలు తిని కూడా పోలీసులకు చెప్పని ఆడవాళ్ళు ఎందరు, ఎందుకు చెప్పలేదు అన్నది ఆమె విషయం. స్టేషన్ రికార్డుల్లో ఉండేది చెప్పినవాళ్ళ లెక్కే. చెప్పనివాళ్ళ లెక్క ఇంటింటికీ వెళ్ళి అడిగితేనే తెలుస్తుంది. నేను బడిలో టీచర్ని, సెలవురోజుల్లో తోడు వెళ్తున్నాను. ఆమె లోపల మాట్లాడుతుంది, నేను బయట కూర్చుంటాను.

మొదట్లో ఒక ప్రశ్న నేనే రాసిచ్చాను. చదివి నవ్వింది.

"'మీ ఆయన కొడతాడు కదా?' ఇది ప్రశ్ననా సార్? జవాబు మీరే చెప్పిండ్రు. మీ పిల్లలకు పేపర్ గిట్లనే లీక్ చేస్తరా?"

మా నియమం ఒక్కటే. ఫామ్ మీద నంబరు మాత్రమే ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో, వాళ్ళ పేరూ ఫోన్ నంబరూ లిస్టులో ఉంటాయి. ఫామ్స్ ఆమె బ్యాగులో, లిస్టు నా బ్యాగులో. రెండూ ఒక్కచోట కలవకూడదు.

ఆ రోజు కేసముద్రంలో వాన పట్టుకుంది. ఆమెది గుడ్డ బ్యాగు. "తడుస్తాయి, ఇలా ఇవ్వండి" అన్నాను. నవ్వుతూ ఫామ్స్ తీసి ఇచ్చింది, నా బ్యాగులో పెట్టుకున్నాను. ఆ నవ్వు చూశాక నాకు నియమం గుర్తులేదు.

సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. సారంగపాణి అట, కాజీపేటలో దిగిన ప్రయాణికుడు.

"ఫికర్ చేయకుండ్రి సారూ, బ్యాగు నా తాననే ఉంది. రాత్రే లిస్టుల పైనున్న ఫోన్ నంబర్‌కు చేసిన. ఒకాయన ఎత్తిండు. యమున అనేటామె బ్యాగా అని అడిగితే, 'అది నా పెండ్లాం. దాని పేరు ఏం లిస్టుల ఉంది?' అన్నడు. కట్ చేసిండు. పొద్దున డైరీల మీ నంబర్ దొరికింది."

బ్యాగు తెచ్చుకున్నాం. ఏ కాగితమూ పోలేదు. కానీ ఫామ్ రాసిన రోజు యమున గడప దగ్గర అన్న మాట నేను కూడా విన్నాను. "నా పేరు బయటికొస్తే నన్ను బతకనియ్యడు."

ఫోన్ చేయలేం, ఎత్తేది అతనే. వెళ్ళినా అనుమానమే.

"మనం పోతే ఇంకా ఎక్కువ అవుతుందేమో," అన్నాను.

"మీ అక్క విషయంల ఊకున్నట్టు ఊకుందామా?"

అనేసి పెదవి కొరుక్కుంది. మా అక్క అనసూయ పోయిన సంవత్సరం అత్తింట్లో చనిపోయింది. ఒంటి మీద మచ్చలు చూసి అడిగినప్పుడల్లా జారిపడ్డానంది. నేను నమ్మాను. ఈ సంగతి షారోన్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు.

బడికి సెలవు పెట్టి ఆమెతో కేసముద్రం రైలెక్కాను. ఆమె చెయ్యి కిటికీ కమ్మీ మీద ఉంది. పట్టుకోవాలనిపించింది. బ్యాగు పట్టీ పట్టుకుని కూర్చున్నాను.

యమున భర్త మార్కెట్ యార్డులో హమాలీ. ఆ వేళకు పనిలో ఉంటాడని వెళ్ళాం. తలుపు మూసి ఉంది. షారోన్ రెండుసార్లు కొట్టింది. చప్పుడు లేదు. నా వైపు చూసింది.

తలుపు ఓరగా తెరుచుకుంది.

"లోపలికి రాకుండ్రి," అంది యమున. ఎడమ చేతికి గాజులు లేవు.

"అడిగిండా అక్కా?"

"అడిగిండు. రేషన్ కార్డుల లిస్టన్న. నమ్మిండో లేదో తెల్వది. రాత్రి నుంచి మాట్లాడ్తలేడు. గదే భయం."

"తప్పు మాదే. మీ ఫామ్ ఇప్పుడే చింపేస్తం."

యమున వీధిలోకి తొంగి చూసింది. "చింపితే నీ లెక్కల తక్కువైతదా?"

"ఒకటి తక్కువైతది."

"మరి అది ఉంచు. పేరు చింపు."

లిస్టులో ఆమె వరసను షారోన్ చింపి చేతికిచ్చింది. యమున దాన్ని పొయ్యిలో వేసి వచ్చింది. అవసరమైతే పక్కింటి సమ్మమ్మ ఫోన్ నుంచి చేస్తానని షారోన్ నంబరు రెండుసార్లు అప్పజెప్పింది. తలుపు వేసుకుంది.

స్టేషన్లో మళ్ళీ చినుకులు మొదలయ్యాయి.

"పొద్దున అన్న మాట తప్పు, రమాకాంత్," అంది షారోన్, మొదటిసారి నన్ను పేరుతో పిలుస్తూ.

"సార్ ఏమయ్యాడు?"

"నిన్న బ్యాగుతోటే పోయిండు. బ్యాగే దొరికింది." కళ్ళు తుడుచుకుంది. "ఫామ్స్ తడిస్తే ఆరబెట్టుకుందుం కదా. ఎందుకు తీసుకున్నరు?"

"గొడుగంతా బ్యాగు మీదే పట్టారు. మీరు తడిసిపోతున్నారు."

ఆమె చున్నీ తల మీదికి లాక్కుంది.

"ఒకటి అడుగుతాను. అవును, కాదు, చెప్పలేను. ఈ మూడింట్లో ఒకటి చెప్పండి."

"ప్రశ్న లేకుండ జవాబులిస్తున్నరు. ఇన్ని రోజులల్ల ఏం నేర్చుకున్నరు?"

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

రైలు కనిపించేదాకా పట్టాల వైపే చూసింది.

"అవును," అంది. "మా డాడీకి నేనే చెప్త. కానీ ముందు ఈ పని."

లిస్టులో నలభైమూడు పేర్లు. ఒకరికే చెప్పాం. మీ పేరు ఒక రాత్రంతా మా చేతుల్లో లేదని ఇంకా నలభైరెండు ఇళ్ళకు వెళ్ళి చెప్పాలి.