చాంతాడంత స్కోపు

"ఇందులో చంద్రమండలం ఒక్కటే తక్కువైందండీ. అదీ రాసేయకపోయారా?"

కాఫీ మెషీన్ దగ్గర కప్పు పట్టుకుని నిలబడ్డవాడి ముందుకొచ్చి, చేతిలో కాగితాలు ఊపుతూ ఆమె అడిగిన మాట అది. పలకరింపు లేదు, బాగున్నారా అనలేదు.

ఇద్దరూ వేర్వేరు కంపెనీల్లో నెట్‌వర్క్ ఇంజినీర్లు. ఎక్కడైనా ఒక లింకు తెగిపోతే డేటా ఏ పక్కదారిన వెళ్లాలో అన్ని కంపెనీల రౌటర్లూ ఒకే పద్ధతిలో తేల్చుకోవాలి. ఆ నియమాలు రాయడానికి కొత్త గ్రూపు పెట్టాలని ఆ రోజు మీటింగు. గ్రూపు పుట్టాలంటే ముందు స్కోపు తేలాలి, అంటే ఏ పని మనది, ఏది కాదు అని గీత గీసుకోవాలి.

స్కోపు రాసింది అతను. ఏది రాసినా చాంతాడంత రాస్తాడని తోటివాళ్లు అతనికి చాంతాడు అని పేరు పెట్టారు. మీటింగు నడిపే చైర్ ఆమె. ఆమె చేతిలో పడ్డ డ్రాఫ్టు సగమై బయటికొస్తుంది కాబట్టి ఆమె పేరు కత్తెర. ఈ ఇద్దరినీ ఒకే పనిలో పెట్టిన మహానుభావుడెవరో గానీ, చూసేవాళ్లకి మాత్రం మంచి కాలక్షేపం.

"ఓడలు, శాటిలైట్లు, పొలాల్లో సెన్సర్లు... ఇవన్నీ ఎందుకండీ?"

"అన్నిటికీ రౌటింగ్ అవసరమే కదా!"

"అవసరమే. ఇవన్నీ పూర్తయ్యేసరికి మనిద్దరికీ పళ్లూడిపోతాయి."

"ఊడితే ఊడనివ్వండి," అని గొణిగాడు.

"ఇలా పైకి పంపితే పై కమిటీ అసలు గ్రూపే వద్దంటుంది. నేను కోసి తెచ్చాను, చూడండి. రెండే రెండు డాక్యుమెంట్లు. ఏడాదిలో అయిపోతుంది."

ఏడాదిలో! కాఫీ చప్పగా అయిపోయింది అతనికి. పని పూర్తయితే గ్రూపును ఎత్తేస్తారు. ఎత్తేస్తే ఆమెది ఒక ఊరు, అతనిది ఇంకో ఊరు. ఈ గ్రూపు సన్నాహాలు మొదలైనప్పటినుంచీ ఏడాదికి మూడు మీటింగులు, మూడుసార్లు ఆమెతో తనివితీరా పోట్లాట. ఆ పోట్లాట కోసమే అతను మిగతా నెలలన్నీ గడిపేస్తున్నాడు. ఈ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం లేక, పిచ్చివాడు, ఓడల గురించి రాశాడు.

'నన్ను వదిలించుకోడానికి ఎంత తొందరో!' అనుకుంటూ వెళ్లి మూడో వరసలో కూర్చున్నాడు.

ఈ మీటింగుల్లో ఓట్లు ఉండవు, చేతులెత్తడం ఉండదు. ఒప్పుకున్నవాళ్లు నోరు మూసుకునే గొంతులో "మ్మ్‌మ్" అనాలి. ఏ వైపు మోత గట్టిగా ఉందో చైర్ విని చెబుతారు. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడో తేనెతుట్టె కదిలిందనుకుని పైకి చూస్తారు.

"పెద్ద స్కోపు కావాలనేవాళ్లు?" అందామె.

హాల్లో సగం మోగింది. అతనంటే చాలామందికి అభిమానం మరి.

"చిన్నది చాలనేవాళ్లు?"

మిగతా సగం మోగింది.

ఆమె ముఖం వాడిపోయింది. "రెండూ సమానంగా వినిపించాయి. ఒక మాట మీదకి రాకపోతే గ్రూపు లేనట్టే."

గ్రూపే లేకపోతే అతనికి ఆ ఏడాది కూడా దక్కదు! లేచి మైకు దగ్గరికి నడిచాడు. "నా జాబితా నేనే వెనక్కి తీసుకుంటున్నానండీ. ఓడలు, శాటిలైట్లు మన పని కాదు. ఆవిడ కోసిందే సరైన స్కోపు."

హాలంతా నోరెళ్లబెట్టింది. మళ్లీ అడిగినప్పుడు అందరికంటే గట్టిగా మోగింది అతని గొంతే. గ్రూపు నిలబడింది. చప్పట్ల మధ్య ఆమె హమ్మయ్య అనుకుంది. అతను మాత్రం ఏదో పోగొట్టుకున్నవాడిలా బయటికొచ్చేశాడు.

బయట వాన. మెట్ల దగ్గర ఆగిపోయినవాడి వెనకాలే ఆమె వచ్చింది.

"నిజం చెప్పండి. మీ జన్మలో ఎప్పుడైనా ఓడెక్కారా?"

"లేదు."

"మరెందుకు రాశారు?"

"పని అయిపోకూడదని," అనేశాడు వానవైపు చూస్తూ. "అయిపోతే మిమ్మల్ని చూడలేనని."

ఆమె నవ్వింది. నవ్వి నవ్వి మెట్టు మీద కూలబడింది.

"నేను చైర్‌ని. మీ డ్రాఫ్టుకి అందరూ ఒప్పుకున్నారో లేదో తేల్చాల్సిందాన్ని. మీరంటే ఇష్టమని బయటపడితే నా మాట ఎవరు నమ్ముతారు? అందుకే పని పూర్తయ్యేదాకా నోరు మెదపకూడదనుకున్నా. అమ్మకీ అదే చెప్పా, మీతో పెళ్లి మాట ఆ తర్వాతేనని. మీరేమో ఏడేళ్ల పని మోసుకొచ్చారు! నా చోట ఎవరున్నా కోసేవాళ్లే, కాకపోతే నేను కాస్త ఉషారుగా కోశా."

అతని ముఖం వెలిగిపోయింది. అప్పుడే ఆమె ఫోను మోగింది. అమ్మ. ఆమె స్పీకరు నొక్కింది.

"ఏమైందే? ఎన్నాళ్లు పడుతుందట?"

"ఏడాదమ్మా. అతను ఇక్కడే ఉన్నాడు, వింటున్నాడు."

"ఏడాదా! ఏం బాబూ, ఇంకేమీ తగ్గదా?"

"తగ్గుతుందండీ!" అన్నాడతను ఎగిరి గంతేసినట్టు. "రెండో డాక్యుమెంటు తీసేద్దాం. ఒక్కటి చాలు, ఆర్నెల్లలో..."

"కుదరదు!" అంది కత్తెర. "అది లేకపోతే లింకు తెగినప్పుడు డేటా ఒకచోటే గిరగిరా తిరుగుతూ ఉంటుంది. అది ఉండి తీరాలి."

అవతల అమ్మ పకపకా నవ్వింది. "ఉండనివ్వు నాయనా. దాని పని దాన్ని సరిగ్గా చేసుకోనివ్వు. ఏడాదే కదా, నేనాగుతాలే. నువ్వూ ఆగు."

"ఆగుతానండీ," అన్నాడతను. పక్కన మెట్టు మీద ఆమె, నోరు తెరవకుండా, గొంతులో "మ్మ్‌మ్" అంది.