టాన్సీ పాటలో ఖాళీ

ఆర్లిస్ స్టాంపర్ అన్నవాడు తమ్ముడి నేల పోగొట్టాడు, తల్లి మంచాన పడితే ఒక్క రాత్రి కాపలా కాయలేదు, ఇప్పుడు తమ్ముడి కూతురి పేరులో కూడా వాటాకి వచ్చాడు. పొద్దున్నే పెట్రోలు బంకులో కాఫీ పోసుకుంటూ ఆ తమ్ముడు డెంజిల్ విన్నది ఈ చివరి సంగతే. "టాన్సీకి మా అమ్మ పాట నేర్పింది నేనే, ఆల్బమ్ చివర్లో ఉంది వినండి" అని ఆర్లిస్ నలుగురి ముందూ చెప్పుకుపోయాడట. డెంజిల్ కాఫీ అక్కడే వదిలేసి ట్రక్కెక్కాడు.

ఇంట్లో భార్య నోలా పొయ్యిలోంచి రొట్టెలు తీస్తోంది. కూతురు టాన్సీ ముందురోజే, పాటలు రికార్డు చేసే ఊరు నాష్‌విల్ నుంచి వచ్చింది. ఆ పిల్లకి ఇదే మొదటి ఆల్బమ్. డిస్కుల అట్టపెట్టె వంటింటి బల్ల కింద ఉంది. డిస్కు మీద టాన్సీ బొమ్మ, తండ్రి పాత కోటు తొడుక్కుని పొగాకు కొట్టం తలుపుకి ఆనుకుని నిలబడ్డట్టు. సాయంత్రం ఊళ్ళో హైస్కూలు హాల్లో పాడబోతోంది. లారెల్ ఫోర్కు ఏటి పొడవునా ఉన్న ఇళ్ళన్నీ వస్తామన్నాయి. డెంజిల్ మాత్రం ఇంకా ఒక్క పాటా వినలేదు. పొగాకు ఆకు ఒలిచే రోజులు, పని అయ్యాక వింటాలే అన్నాడు. ఒకప్పుడు తన ఆకు ఒలిచేవాడు. ఇప్పుడు పరాయివాళ్ళ కొట్టాల్లో కూలికి ఒలుస్తున్నాడు.

దానికి కారణం ఆర్లిసే. తల్లి జెరూషా వీలునామా రాయకుండా పోయింది. ఆ కొండల్లో ఎవరు రాస్తారు గనక. నేల అన్నదమ్ములిద్దరి పేరా పడింది. డెంజిల్ దున్నుకుంటున్నాడు, ఆర్లిస్‌కి డబ్బు కావాలి. అమ్మి పంచమని ఆర్లిస్ కోర్టుకెక్కాడు. న్యాయస్థానం మెట్ల మీద వేలం వేశారు. డెంజిల్ వాటాకి వచ్చింది లాయర్లకే చాలలేదు. కొన్నవాడు గుర్రాలున్న ఆసామి, ఏటి ఒడ్డంతా తెల్ల కంచె వేయించాడు.

ఆపైన ఇంకో తమాషా. వాళ్ళ పాత బాప్టిస్టు గుడిలో పియానో ఉండదు, గిటారు ఉండదు, పాటల పుస్తకం చూసేవాళ్ళూ తక్కువ. ముందు ఒకరు చరణాన్ని గబగబా అందిస్తారు, తర్వాత సంఘమంతా దాన్నే అందుకుని నిదానంగా సాగదీసి పాడుతుంది. జెరూషా పోయాక చరణం అందించే పని ఆర్లిస్‌కి వచ్చింది. అన్న అందిస్తే తమ్ముడు అందుకోవాలి. డెంజిల్ అందుకోలేదు. ఆ వేలం అయినప్పటి నుంచి ప్రతి ఆదివారం నోలాని గుడి దగ్గర దింపి, అద్దాలు పైకెత్తుకుని ట్రక్కులోనే కూర్చుంటాడు.

డెంజిల్ వంటింట్లోకి వచ్చి టోపీ తీయకుండానే అడిగాడు.

"వాడి గుమ్మం తొక్కావా?"

టాన్సీ రొట్టె మీద మీగడ గ్రేవీ పోసుకుంటోంది. చెయ్యి ఆగింది. "తొక్కాను నాన్నా. వాళ్ళింట్లో కూర్చుని బీన్స్ కూడా తిన్నాను."

"బాగానే పెట్టి ఉంటాడు. నా నేల అమ్మిన డబ్బేగా."

"తిట్టుకోవాలంటే నమిలి తిట్టుకోండి, చల్లారిపోతున్నాయి" అంది నోలా. ఇద్దరూ వినలేదు.

నానమ్మ పాట కావాలంటే తనని అడగాల్సింది అన్నాడు డెంజిల్. అడిగానంది టాన్సీ. పోయిన చలికాలం అడిగింది, ఈస్టర్‌కి వచ్చినప్పుడు అడిగింది, ఫోనులో అడిగింది. అడిగినప్పుడల్లా ఆయన లేచి బయటికి పోయాడు. ఫోనయితే అమ్మకిచ్చేశాడు. నానమ్మ చరణాలన్నీ గుర్తున్నవాళ్ళు లోకంలో ఇద్దరే మిగిలారు, ఒకరు నోరు విప్పకపోతే ఇంకొకరి దగ్గరికి పోక ఏం చెయ్యాలని అడిగింది.

"మీ నానమ్మ పాటకి గిటారు కట్టావట. ఆవిడ బతికుంటే నిన్ను బల్ల మీంచి లేపి పంపేది. పదిమంది కాళ్ళు ఊపడానికా ఆ పాట?"

"విన్నావా?"

"వినక్కర్లేదు. ఆ రికార్డుల ఊళ్ళో ఏం చేస్తారో నాకు తెలీదా?"

"విననివాడివి మాట్లాడకు."

నోలా చేతిలో గరిటె బల్ల మీద పెట్టేసింది. ఆ ఇంట్లో డెంజిల్‌తో అంత మాట ఎవరూ అనలేదు. టాన్సీ మొహం ఎర్రబడింది గానీ వెనక్కి తగ్గలేదు.

"ఈ సాయంత్రం చివర్లో ఆ పాటే పాడతాను. చరణం నేను అందిస్తాను. గుడివాళ్ళు టిక్కెట్టు పెట్టిన హాల్లో దేవుడి పాట అందుకోరు, అది నీకూ తెలుసు. పెదనాన్న ఒక్కడే అందుకుంటానన్నాడు. వద్దన్నాను."

"ఎందుకూ?"

టాన్సీ లేచింది. పెట్టెలోంచి ఒక డిస్కు తీసి బయటికి నడిచింది. ఆ ఇంట్లో డిస్కు పెట్టే మెషీను ట్రక్కులోనే ఉంది. డెంజిల్ కాసేపు మొండిగా నిలబడ్డాడు. "వెళ్ళు డెంజిల్. లేకపోతే ఆ ట్రక్కులోనే ఉండిపో, ఇంట్లోకి రాకు" అంది నోలా. పెళ్ళాం మొహం చూసి వెళ్ళాడు.

ట్రక్కులో తండ్రీ కూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. టాన్సీ బొత్తాం నొక్కుతూ చివరి పాట దాకా పోయింది. డెంజిల్ గిటారు కోసం కాచుకున్నాడు, మీటగానే తలుపు తీసుకుని దిగిపోదామని.

గిటారు రాలేదు. ఏదీ రాలేదు. ఊపిరి పీల్చిన చప్పుడు, తర్వాత టాన్సీ గొంతు ఒక్కటే.

"ఏటి అవతల దీపమొకటి ఆరక నాకై ఉన్నది..."

గబగబా, సన్నగా, చివర్లో కాస్త విరిగి. అచ్చం జెరూషా అందించినట్టే. ఆ తర్వాత ఏమీ లేదు. నిశ్శబ్దం. మెషీను ఆగిపోయిందేమోనని డెంజిల్ చెయ్యి చాపాడు. అంకెలు కదులుతూనే ఉన్నాయి.

"నాష్‌విల్‌లో ఈ ఖాళీలో జనాన్ని పెట్టి పాడిద్దామన్నారు" అంది టాన్సీ అద్దంలోంచి బయటికి చూస్తూ. "జీతానికి పాడేవాళ్ళని తెచ్చారు కూడా. పంపించేశాను. ఇంత ఖాళీ ఉంటే రేడియో పాడైందనుకుంటారని ఒకటే గొడవ. ఈ ఒక్క పాట ఇలా ఉంచకపోతే ఆల్బమే వద్దన్నాను."

ఆమె గొంతు రెండో చరణం అందించింది. మళ్ళీ ఖాళీ.

డెంజిల్ ఆ ఖాళీలో మనసులోనే పాట నడిపి చూసుకున్నాడు, అలవాటు కొద్దీ. అప్పుడు తెలిసింది. ఆర్లిస్‌కి ఊపిరి తక్కువ. అన్నీ సగంలో తెంపేస్తాడు, సంఘం కూడా వాడితోపాటు తెంపేస్తుంది. ఈ ఖాళీ వాడికి సరిపోదు, చాలా పెద్దది. ఇంత పొడుగు సాగదీసేది జెరూషా. ఆవిడ తర్వాత ఆకు ఒలుస్తూ, కాళ్ళ దగ్గర గోనెసంచి మీద చంటిపిల్ల టాన్సీని ఆడనిస్తూ, అంత సాగదీసి పాడింది తానొక్కడే. మాటలు ఆర్లిస్ దగ్గరివే కావచ్చు. కొలత మాత్రం ఇంట్లోది.

"నీకెలా గుర్తుంది?" అన్నాడు.

"ప్రతి ఆదివారం ఈ సీట్లో నీ పక్కన కూర్చున్నది ఎవరనుకున్నావు? లోపల పెదనాన్న అందించేవాడు. నువ్వు పళ్ళు బిగబట్టేవాడివి. కానీ నీ గొంతులో పాట కదిలేది నాన్నా. ఎంతసేపు కదిలేదో చూస్తూ ఉండేదాన్ని."

మూడో చరణం వచ్చింది. డెంజిల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు. మొదట వచ్చింది పాట కాదు, తుప్పుపట్టిన తలుపు కిర్రుమన్నట్టు ఏదో. రెండో మాటకి దారి దొరికింది. సాగదీసి, వంచి, ఎత్తి, దించి పాడాడు. అతని ఊపిరీ ఆ ఖాళీ రెండూ ఒక్కచోటే అయిపోయాయి. టాన్సీ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

పాట అయ్యేసరికి నోలా వాకిట్లో నిలబడి ఉంది, చేతిలో చల్లారిన రొట్టెల పళ్ళెంతో, కళ్ళు తుడుచుకోకుండా. డెంజిల్ అద్దం దించి తన తెల్ల చొక్కా ఇస్త్రీ చెయ్యమన్నాడు.

"మీ అన్న ముందు వరసలో కూర్చుంటాడు మరి" అంది నోలా నెమ్మదిగా. "పలకరిస్తావా?"

"నా కూతురు అందిస్తే అందుకోడానికి పోతున్నాను. వాడిని పలకరించడానికి కాదు. నేను వెనక గోడకి నిలబడతాను. అక్కణ్ణించి కూడా వినపడుతుంది నా గొంతు."

సాయంత్రం ముగ్గురూ ఏటి పక్క రోడ్డు మీదుగా వెళ్ళారు. టాన్సీ మధ్యలో కూర్చుని మొదటి చరణం మెల్లగా అందించింది, డెంజిల్ స్టీరింగు పట్టుకుని అందుకున్నాడు. తెల్ల కంచె మొదలైనా పాట ఆపలేదు. నేల పరాయిదైనా పాట పొడుగు ఇంకా తనదే. కంచె లోపల గుర్రాలు మేస్తున్నాయి, ఒకప్పుడు తన పొగాకు నిలబడిన పద్నాలుగున్నర ఎకరాల్లో.