చెప్పుల్లేని లూథరన్

మొక్కు తెరేసమ్మది. కాళ్ళు వినీలవి.

గుణదల తిరునాళ్ళలోగా కూతురికి ఆర్.సి.ఎం. సంబంధం, అంటే తమలాంటి రోమన్ కేథలిక్కుల సంబంధం, దొరికితే ఉయ్యూరు నుంచి నడిచొస్తానని మరియమ్మ తల్లికి మాటిచ్చింది తెరేసమ్మ. సంబంధం దొరికింది గానీ మోకాళ్ళు సహకరించలేదు. అందుకని కూతురు చెప్పుల్లేకుండా ముందు నడుస్తోంది, తల్లి జపమాల తిప్పుతూ వెనక శౌరయ్య ఆటోలో వస్తోంది. సాయంత్రం గుణదల గుట్ట కింద పెళ్ళికొడుకు యేసుకుమార్ కలుస్తాడు. అక్కడే మాట ఖాయం.

బందరు రోడ్డు పొడుగునా భక్తులకు స్వాగతం పలికే ఫ్లెక్సీలు. వాటిలో నాయకుడు తాటిచెట్టంత, మాత తపాలా బిళ్ళంత.

కంకిపాడు దగ్గర ఫిన్నీ వచ్చి పక్కన చేరాడు. వినీల పనిచేసే ల్యాబ్‌లోనే టెక్నీషియన్. రెండేళ్ళుగా ఆమె మనసులో ఉన్నవాడు. "మా అమ్మతో మాట్లాడు" అంటే "తిరునాళ్ళు అయ్యాక చూద్దాం" అన్నందుకు మూడు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు.

"తిరునాళ్ళు ఇంకా అవలేదే, అప్పుడే వచ్చావేం?"

"అయ్యేసరికి నువ్వుండవని ఇప్పటికి బుర్రకెక్కింది."

"లూథరన్లు మరియమ్మకి మొక్కరుగా?"

"మొక్కలేదు. నడవొద్దని మా పాస్టరుగారు ఎప్పుడూ చెప్పలేదు."

ఆమె అతని కాళ్ళకేసి చూసింది. వట్టి కాళ్ళు. కోపం కాస్త కరిగింది. "నాకోసమేనా?"

"కాదు. ఉయ్యూరు బస్టాండులో కునుకు తీస్తే ఎవరో చెప్పులు కొట్టేశారు."

"అబద్ధమైనా చెప్పొచ్చుగా!" అంది, నవ్వాపుకోలేక.

ఇంతలో ఆటో పక్కకొచ్చింది. "ఎవరే ఆ అబ్బాయి?"

"మా ల్యాబ్‌లో చేస్తాడమ్మా."

"చెప్పుల్లేకుండా! ఎంత భక్తి! ఏ విచారణ, ఏ చర్చి బాబూ మీది?"

"లూథరన్ చర్చండీ మాది. చెప్పులు పోయాయండీ."

తెరేసమ్మ మొహం మాడ్చుకుని ఫోను కూతురి చేతికిచ్చింది. "మన యేసుకుమార్ స్టేటస్ చూడు. గన్నవరం నుంచి నడిచొస్తున్నాడట. ఇరవై కిలోమీటర్లు!"

వినీల అందులోని సెల్ఫీ చూసింది. "అమ్మా, నడిచేవాళ్ళు సీటు బెల్టు పెట్టుకుంటారా?"

తెరేసమ్మ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. "బ్యాగు పట్టీ అయ్యుంటుందిలే" అంది. ఆ తర్వాత జపమాల పూసలు మాత్రం గబగబా దొర్లాయి.

విజయవాడలో పడవల రేవు సెంటరు చేరేసరికి వినీల మడమ మీద బొబ్బ పగిలింది.

"ఆటో ఎక్కవే. గుట్ట కింద దిగి నాలుగడుగులు వేద్దువుగాని. ఎవరు చూడొచ్చారు?"

"మరియమ్మ తల్లి చూడదా?"

"ఆవిడా ఆడదేగా, అర్థం చేసుకుంటుంది."

ఫిన్నీ గొంతు సవరించుకున్నాడు. "ఆంటీ, మొక్కు మీదే కదండీ. తను ఎక్కితే మీరు దిగాలి. నేను పట్టుకుంటాను."

"లూథరన్ వాడివి, నువ్వు నాకు మొక్కులు నేర్పుతావా?" అంటూనే దిగింది తెరేసమ్మ.

ఆటోలోంచి వినీలకి ఇద్దరి వీపులే కనబడుతున్నాయి. పదడుగులకోసారి ఆగుతున్నారు. అమ్మ వేలు ఊపుతోంది, అతను తలూపుతున్నాడు. మాటలు వినబడతాయేమోనని హారన్ కొట్టొద్దని శౌరయ్యని బతిమాలింది. అయినా ఒక్క ముక్క వినబడలేదు.

గుట్ట కింద యేసుకుమార్ కారు దిగి, కొత్త చెప్పులు విప్పి డ్రైవరుకిచ్చి ఎదురొచ్చాడు. "ట్వంటీ కిలోమీటర్స్ ఆంటీ! చచ్చిపోయాననుకోండి."

తెరేసమ్మ అతని పాదాలకేసి చూసింది. దుమ్ము రవ్వంత లేదు. "పాపం, సీటు బెల్టు ఒరుసుకుపోయిందేమో బాబూ!"

అతను డ్రైవరు చేతిలోని చెప్పులకేసి చూశాడు. "మీ అమ్మగారితో రేపు ఫోన్లో మాట్లాడతాలే" అని ఆవిడ గుట్ట వైపు తిరిగింది. "ఫిన్నీ, చెయ్యివ్వు. వినీలా, నువ్వీ పక్క పట్టుకో."

"దారంతా ఏం మాట్లాడుకున్నారమ్మా?"

"నీ గోలే. ఆర్.సి.ఎం. కుర్రాణ్ణి పంపమని తల్లిని అడిగితే, ఆవిడ ఈ లూథరన్‌ని పంపింది, అదీ చెప్పుల్లేకుండా. పోన్లే, చెప్పులు పోతే పోయాయనే చెప్పే మనిషి."

రెండు మెట్లెక్కాక ఆయాసంతో ఆగి, ఫిన్నీ చెవిలో అంది: "నాతో నిజం చెప్పావు, సరే. పెళ్ళిలో మావాళ్ళు అడిగితే మాత్రం మొక్కేనని చెప్పు."