టిష్యూ ప్యాకెట్ పెట్టిన చోటు

శనివారం పొద్దున్న తోఆ పాయో టిఫిన్ అంగళ్ల దగ్గర బల్ల దొరకడమంటే మాటలు కాదు. అమా జనంలోంచి దూరి వెళ్లి, ఖాళీ బల్ల మీద సంచిలోని టిష్యూ ప్యాకెట్ ఒకటి టపీమని పెట్టేసింది. ఇక ఆ బల్ల వాళ్లదే. సింగపూర్ మొత్తం మీద దాన్ని కదిపే మొనగాడు లేడు.

అమా అంటే నానమ్మ; శ్యూ ఫెన్‌కి అత్తగారు. తొమ్మిదేళ్ల మనవరాలు నింగ్‌కి వేరే బళ్లో, బాగా తెలివైన పిల్లల కోసం నడిపే గిఫ్టెడ్ తరగతిలో సీటు వచ్చిందని చేపలమ్మే ఆవిడ మొదలు లిఫ్టు బాగుచేసే అతని దాకా అందరికీ చాటింపు వేసింది. సోమవారంలోగా తల్లిదండ్రులు అవుననో కాదనో చెప్పాలి. ఈరోజు ఆ బడి చూసుకోవడానికి రమ్మన్నారు. నింగ్ తల్లి శ్యూ ఫెన్ మాత్రం వద్దనే నిర్ణయించేసుకుంది.

"చూసొద్దాం, అంతే. చూస్తే పోయేదేముంది?" అన్నాడు భర్త కియత్ సెంగ్, టోస్ట్ ముక్కను గుడ్డు సొనలో ముంచుతూ.

"చూసినా నా మాట మారదు. నింగ్ ఇప్పుడున్న బళ్లోనే ఉంటుంది."

"ఊళ్లో తల్లులంతా ఆ సీటు కోసం ట్యూషన్ల చుట్టూ తిరుగుతుంటే, నీ ఒళ్లో వచ్చి పడింది. దులిపేసుకుంటానంటావేంటి?"

"ఆ తరగతిలో చదివింది నేను. నువ్వు కాదు."

అన్నాక నాలిక్కరుచుకుంది. కియత్ సెంగ్ చదివింది ఆఖరి సెక్షన్లో. అతని మొహం మాడిపోయింది.

"అవును తల్లీ. మొద్దు సెక్షన్ వాడి మాటకి విలువెక్కడిది!"

"గుడ్లు చల్లారిపోతున్నాయి. ముందు తిని, తర్వాత కొట్టుకోండి," అని కసిరింది అమా.

నింగ్ తల వంచుకుని తింటోంది. వెళ్తావా అని ఆ పిల్లను ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

కొత్త బళ్లో పిల్లల్ని ఒక గదిలోకి, పెద్దల్ని హాల్లోకి తీసుకెళ్లారు. టీచరమ్మ చెప్పేవన్నీ శ్యూ ఫెన్ చేతులు కట్టుకుని విన్నది. ఇవన్నీ తనకు తెలియనివా! తర్వాత అందరినీ క్యాంటీన్‌కి పంపారు. గుమ్మం దగ్గరే ఆమె కాళ్లు ఆగిపోయాయి.

పొడుగాటి బెంచీ మీద నింగ్ ఒక్కతే కూర్చుని ఉంది. పక్క చోటులో, వచ్చేటప్పుడు అమా ఆ పిల్ల జేబులో పెట్టి పంపిన టిష్యూ ప్యాకెట్.

శ్యూ ఫెన్ భర్త చెయ్యి పట్టుకుంది. "పద, ఇంటికి పోదాం."

"ఏమైంది నీకు?"

"ఆ ప్యాకెట్ చూడు! నేనూ అలాగే పెట్టేదాన్ని. పాత స్నేహితులు పాత బళ్లో ఉండిపోయారు. ఇక్కడ ఒక్కరితోనూ కలవలేకపోయాను. నా పక్కన ఎవరూ కూర్చోరని తెలిస్తే పరువు పోతుందని, ఎవరో వస్తున్నట్టు ప్యాకెట్ పెట్టేదాన్ని. ఎవరూ వచ్చేవాళ్లు కాదు. బెల్లు కొట్టగానే జేబులో వేసుకుని వెళ్లిపోయేదాన్ని. మూడేళ్లు, సెంగ్!"

ఇన్నేళ్ల కాపురంలో అతను ఈ మాట వినలేదు. పొద్దుటి కోపం ఎటుపోయిందో పోయింది.

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"తెలివైనదాన్ని కదా. ఎలా చెప్పుకోను?"

"సరే. వద్దంటే వద్దు. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తను."

శ్యూ ఫెన్ గబగబా వెళ్లి ప్యాకెట్ తీసేసింది. "లే నింగ్, వెళ్దాం."

"అమ్మా, తీయకు! అది ఇన్సీరా చోటు!"

"ఇన్సీరా ఎవరు?"

వెనక నుంచి జవాబొచ్చింది. "నేనే, ఆంటీ. కాస్త జరుగుతారా?" కళ్లద్దాలు ముక్కు చివరికి జారిన పిల్ల ఒకతి, రెండు గ్లాసుల బార్లీ నీళ్లు ఒలక్కుండా పట్టుకుని వచ్చి, ఆ చోటులో దర్జాగా కూర్చుంది. "తల లేకపోయినా బొద్దింక బతుకుతుందంటే మీ అమ్మాయి నమ్మట్లేదు."

"నమ్మనని ఎవరన్నారు? ఎన్ని రోజులని అడిగా!" అంది నింగ్.

ఇద్దరూ తల్లిని మరిచిపోయి మళ్లీ వాదులాటలో పడ్డారు. శ్యూ ఫెన్ అలాగే నిలబడిపోయింది. కూతురిలో ఇన్నాళ్లూ తనను తాను చూసుకుంది తప్ప, ఈ పిల్లను చూడనే లేదు. ఆ సంగతి తట్టగానే కూతురి వైపు వంగింది.

"నింగ్, ఇక్కడ చదువుతావా?"

"ఇప్పటికి అడిగావా!" అంది నింగ్, పెద్ద ఆరిందాలా. "చదువుతా. కానీ అమా తోడు రాకూడదు. బస్సులో అందరికీ చెప్పేస్తుంది."

శ్యూ ఫెన్ నవ్వబోయింది, ఏడుపొచ్చింది. "సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే చెప్పేద్దాం," అంది భర్తతో. అతను తలూపాడు. అతని కళ్లూ చెమర్చాయి.

చేతిలో ప్యాకెట్ అలాగే ఉంది. బళ్లో ఉన్న మూడేళ్లూ, పెట్టిన ప్యాకెట్ ఏదీ ఆమె విప్పలేదు. విప్పితే రేపటికి చోటు పట్టడానికి ఉండదని దాచుకునేది.

ఇప్పుడు దాని అంచు చింపి, భర్తకొకటి ఇచ్చి, తనొకటి తీసుకుని కళ్లు తుడుచుకుంది.