కంది ధర సున్నా

భాగ్యజ్యోతి చొక్కాలన్నీ మంచం మీద పరిచింది. ఒక్కొక్క కాలరూ తిప్పి, లోపలున్న పట్టీని బ్లేడుతో కోసి తీసింది. బీదర్ దర్జీ పేరున్న పట్టీ అది. సరిహద్దు దాటే మనిషి ఒంటి మీద ఊరి పేరు ఉండకూడదు.

“గా స్వెటరెందుకే? ఆడ ఎండలు మండుతయి,” అన్నాడు భర్త హనుమంతు.

“పెట్టుకో. చలి నిన్నడిగి వస్తదా?”

“పాస్‌పోర్టుల పప్పుల వ్యాపారినాయె. వ్యాపారి బ్యాగుల రెండు స్వెటర్లుంటయా?”

“ఒకటి తీస్త. ఒకటి ఉంటది.”

జిప్పు పడలేదు. మోకాలు ఆనించి లాగింది. బ్యాగు అందుకుంటూ అతను నవ్వాడు. “కంది ధర దినాం చూస్తుంట. సున్నా కనబడితే ఉన్నపళంగ వచ్చేస్త.”

హైదరాబాదులో సందుకొక జావా కోచింగ్ బోర్డు వేలాడుతున్న రోజులవి. ఆ గాలి బీదర్ దాకా వచ్చింది. కోట దారిలో ‘పప్పుధాన్యాల ధరల కేంద్రం’ అని ఒక ఆఫీసు. పైకి చూస్తే రైతులకు రోజూ ధరలు చెప్పే వెబ్‌సైటు. లోపల గూఢచారి శాఖ. పరాయి దేశంలో ఉన్న మనవాళ్ళు ఏ నెట్ సెంటర్లోనో కూర్చుని ఆ ధరల్లో తమ ఆదేశాలు చదువుకునేవారు. వాళ్ళ ఫొటోలు, మారుపేర్లు, ఉన్న ఊళ్ళు అదే సిస్టములో ‘వ్యాపారుల వివరాలు’ పేరుతో డ్రాఫ్టు పేజీలుగా దాగి ఉండేవి.

హనుమంతు వెళ్ళిన కొద్ది రోజులకు భాగ్యజ్యోతికి హైదరాబాదు నుంచి ఫోను. ఆమెదీ అదే శాఖ.

“సీతాఫలాలు పండినయా?”

“ఇంక పచ్చిగనే ఉన్నయి సార్.”

గుర్తు మాట సరిపోయింది, లైను సురక్షితం. సెక్షన్ చీఫ్ అఖిలేష్ నేరుగా విషయంలోకి వచ్చాడు.

“కేంద్రంల రెండు కంటెంట్ సిస్టములున్నయి. రెండూ జావానే. పేజీలు రాసి దాచేది మంజీర. బయటికి చూపనీకి కొత్తగ తెచ్చింది కారంజా. రెంటినీ పోల్చి, కలిపే కన్సల్టెంట్ పేరు మౌనశ్రీ. మన మనిషే. కానీ అనుమానమున్నది. నువ్వు డేటా ఎంట్రీ ఆపరేటర్‌గ చేరు.”

“నా లాగిన్‌కు అధికారమెంత సార్?”

“పేజీ తెరవొచ్చు, దిద్దొచ్చు. అంతే. నువ్వెవరో మాత్రం బయటపడనియ్యకు.”

మౌనశ్రీ తెల్ల కారు దిగింది. ఆమె కంటే ముందు ఆమె సెంటు గదిలోకి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు తలపైకి నెట్టి ప్రొజెక్టరు ముందు నిలబడింది.

“మంజీరలో నాలుగు మెట్లు. డ్రాఫ్ట్, రివ్యూ, అప్రూవల్, పబ్లిష్. కారంజాకి మెట్లే తెలియవు, చేతికందిందల్లా చూపిస్తుంది. క్రమశిక్షణకు మంజీర, స్పీడుకు కారంజా. మధ్యలో నా కనెక్టర్. అంతే, వెరీ సింపుల్!”

అందరూ చప్పట్లు కొట్టారు. భాగ్యజ్యోతి మాత్రం కొట్టలేదు. టెస్ట్ సర్వర్లో ‘అ ఆ ఇ ఈ’ అని ఒక పేజీ రాసి, డ్రాఫ్టులోనే వదిలి, కారంజాలో వెతికింది. ఉంది! మెట్లన్నీ ఆ కనెక్టర్ మింగేస్తోంది. రెండూ కలిసిన నిమిషంలో మనవాళ్ళ ముఖాలు లోకమంతటికీ కనబడతాయి. ముందే కాచుక్కూర్చున్న విదేశీ ముఠా వాటిని దింపుకుంటుంది.

బిద్రీ కుంకుమ భరిణెలో దాచిన పెన్‌డ్రైవ్‌తో కోడ్ కాపీ చేసి పంపింది.

“డబుల్ ఏజెంట్. రుజువైంది,” అన్నాడు అఖిలేష్. “టీమ్ బయల్దేరుతుంది. వచ్చేదాంక నువ్వేం చెయ్యకు.”

బుధవారం, పన్నెండు గంటలకు ప్రారంభోత్సవం. టీమ్ జీపు జహీరాబాద్ దగ్గర లారీల వెనక ఇరుక్కుపోయింది. ఢిల్లీ అతిథి ఉపన్యాసం ముగిస్తున్నాడు. మౌనశ్రీ వేలు మౌస్ మీద ఉంది. భాగ్యజ్యోతి అరవలేదు, అడ్డుపడలేదు. చేతిలో పిస్తోలు లేదు, అడ్మిన్ పాస్‌వర్డు లేదు. మూలనున్న కంప్యూటరు ముందు చేతులు ముడుచుకుని కూర్చుంది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆపరేటర్లందరూ తిట్టుకునే మంజీర జబ్బు. ఒకరు దిద్దడానికి తెరిచిన పేజీకి తాళం పడుతుంది. వాళ్ళు మూసేదాకా ఇంకెవరూ, ఏ కనెక్టరూ దాన్ని ముట్టుకోవడం కుదరదు.

మొదట భర్త మారుపేరున్న పేజీనే వెతికింది. ‘హన్మయ్య, పప్పుల వ్యాపారి.’ క్లిక్.

‘ఈ పేజీ ఇప్పటికే ప్రచురితమైంది. మీకు అనుమతి లేదు.’

మళ్ళీ నొక్కింది. అదే మాట. మూడోసారి నొక్కబోయిన వేలు గాలిలో ఆగింది. మిగతావాళ్ళకూ ఎవరో ఒకరు బ్యాగు సర్ది పంపి ఉంటారు. వేలు పక్క పేజీ మీదికి జరిగింది. తెరిచింది. తాళం. ఇంకొకటి. తాళం. కళ్ళ నీళ్ళలో పేర్లు అలుక్కుపోతున్నా ఒక్కటీ వదల్లేదు. ఆఖరి పేజీ తెరుచుకుంటుండగానే మౌనశ్రీ మౌస్ నొక్కింది.

తెర మీద కందులు, పెసలు, మినుముల ధరలు. వ్యాపారుల పేజీలో హన్మయ్య ఒక్కడే. మిగతాదంతా తెల్లగా, ఖాళీగా!

మౌనశ్రీ మెల్లగా మూలకు తిరిగింది. “ఏం చేస్తున్నావక్కడ?”

“ఆపరేటర్‌ను కదమ్మా. పేజీలు దిద్దుతున్న.”

తలుపు తోసుకుని టీమ్ లోపలికి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు నేల మీద పడ్డాయి.

ఆ గోలలోనే సూపరింటెండెంట్ నర్సప్ప కొబ్బరి చిప్పల పళ్ళెంతో వచ్చాడు. పాపం, ఆయనకు అది నిజంగా కందుల ఆఫీసే.

“పన్నెండు కొట్టంగనే రాహుకాలమాయె జ్యోతమ్మా. ఢిల్లీ సాబుకేమెర్క! అందుకే పొద్దుగాల మంచి ఘడియల నేనే ఒక్క పేజీ ఎక్కించి షురూ చేసిన. దేవుని పేరుండాలె గద, అందుల హన్మయ్య అని ఒకటున్నది.”

ఆమె తెర మీద ఆ పేరు చూపించింది.

“దాన్ని తీసేయుండ్రి మామా,” అంది.

“అయ్యో, అప్పుడే చానమంది చూసిండ్రమ్మా. మనకు మంచి శకునం!” అంటూనే తీసేశాడు. కొబ్బరి ముక్క ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తీసుకుంది.

తర్వాత ధరల పేజీ తెరిచి, కందుల ఎదురుగా సున్నా కొట్టింది.

అఖిలేష్ రిపోర్టు రెండు ముక్కలే: ‘ఆపరేషన్ సక్సెస్. నష్టం ఒక్క పేజీ.’

మర్నాడు మంగళగి నుంచి ఖండప్ప అనే రైతు ఫోను చేశాడు. “అక్కా, కందులు ఉత్తగనే ఇస్తుండ్రంట. ట్రాక్టర్ కట్టాల్నా?”

“వద్దన్నా. అది తప్పు పడ్డది,” అంది భాగ్యజ్యోతి. కానీ దిద్దలేదు. ఆ నెలంతా బీదర్‌లో కంది ధర సున్నాయే.

హనుమంతు తిరిగి రాలేదు. అది రెండు వేల నాలుగు, నవంబరు.