టీవీలో చిక్కిన పేరిందేవి

ఆ రోజు ఆ ఇంట్లో అయిదుగురు ఉన్నారు. రేడియోలు బాగుచేసే జగ్గయ్య, అతని భార్య నాగరత్నం, జగ్గయ్య తమ్ముడు పోలయ్య, రాజుగారు పంపగా వచ్చిన ఆస్థాన యంత్ర పండితుడు భైరవమూర్తి, టీవీ పక్కన మూలలో గోడకానుకుని కూర్చున్న పెద్దకూతురు నాంచారి. ఆరో మనిషి తొమ్మిదేళ్ళ పేరిందేవి. ఆ పిల్ల కూడా ఇంట్లోనే ఉంది కాని, టీవీలో ఉంది.

నీలిగుట్ట రాజ్యానికి పట్టిన పీడ అది. పూర్వం మసిమల్లుడనే మాంత్రికుడు ‘ఏడు కోటలు’ అనే ఆటను తయారుచేసి, దాంట్లో ఒక శాపం కూడా పెట్టి పోయాడు. ఆట మధ్యలో ఆటపెట్టె ఆగిపోతే, ఆడుతున్న బిడ్డ ఆటలోనే ఉండిపోతుంది. ఏడో కోటలో ఉన్న గంట మోగిస్తేనే తిరిగి బయటపడుతుంది. పాత ఆటపెట్టెలు ఒక్కొక్కటే పాడైపోగా, రాజ్యంలో ఆఖరిది జగ్గయ్య ఇంట్లో మిగిలింది. పన్నెండు రోజుల కిందట అది కూడా పొగలు కక్కి ఆగిపోయింది. అప్పుడు దాని ముందు కూర్చుని ఆడుతున్నది పేరిందేవి.

ఆ పెట్టెకు విడిభాగాలు ఎక్కడా దొరకలేదు. అందుకని పండితుడు అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు ఒకటి తెచ్చి టీవీకి తగిలించాడు. దాని పని నటించడం. తానే ఆ పాత పెట్టెనని అది ఆటను నమ్మించాలి. నటనలో ఏ కాస్త తేడా వచ్చినా ఆట తడబడుతుంది.

టీవీ వెలగగానే పసుపు పరికిణీలో వేలెడంత పేరిందేవి ఒక గుంట ముందు నిలబడి కనిపించింది. పైమూల మూడు ఎర్రటి గుండెలు వెలుగుతున్నాయి. అవి ఆ పిల్ల ప్రాణాలు. మూడూ ఆరిపోతే పేరిందేవి ఇక లేనట్టే.

“ఇదెంతసేపు! సాయంత్రం కోటలో విందుంది. ఆ లోపల మీ పిల్లను మీ ఒళ్ళో పెట్టి వెళ్తాను,” అన్నాడు భైరవమూర్తి. తొందరగా ముగుస్తుందని ఆట వేగం రెట్టింపు చేశాడు. కోటలో తన యంత్రానికి ఎలా ఉంటాయో అలాగే ఉండాలని మీటల వరస కూడా మార్చుకున్నాడు. ఈలోగా పోలయ్య తన ఫోను తీగను ఆ చిన్న కంప్యూటరుకే గుచ్చి, ఛార్జింగు పెట్టుకున్నాడు.

మూలలో ఉన్న నాంచారి మూడూ చూసింది. పద్నాలుగేళ్ళ పిల్ల. కొత్తవాళ్ళ ముందు గొంతు పెగిలేది కాదు. ‘అలా చేయకండి’ అనబోయి నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

పండితుడు ఎగిరే మీట నొక్కాడు. పేరిందేవి ఎగరలేదు, వంగింది. వంగినది వంగినట్టే గాలిలా దూసుకుపోయి గుంటలో పడింది. ఒక గుండె ఆరిపోయింది. నాగరత్నం కెవ్వుమంది.

“పాత ఆట కదమ్మా, లోపం ఆటలోనే ఉంది,” అన్నాడు పండితుడు తాపీగా.

“ఇలా ఇవ్వండి పండితులవారూ. ఇట్లాంటివి చిన్నప్పుడు నేను కళ్ళు మూసుకుని ఆడేవాణ్ణి,” అని పోలయ్య మీటల పలక లాక్కున్నాడు. కరెంటు చాలనప్పుడు వచ్చే మెరుపు గుర్తు తెర మూల మిణుకుమంది. బొమ్మ క్షణంసేపు బిగుసుకుపోయి, ఒక్కసారిగా ముందుకు దూకి గుంటలో పడింది. రెండో గుండె కూడా ఆరిపోయింది.

“నావల్ల తప్పేం లేదు. ఎవరో ఏదో మార్చేశారు,” అన్నాడు పోలయ్య.

“నేనేమీ మార్చలేదే!” అన్నాడు పండితుడు.

“నేను అసలు ముట్టుకోలేదు,” అన్నాడు జగ్గయ్య.

“సరే, ఆట నిలిపి ఉంచుదాం. భోజనం చేసి వచ్చి తీరిగ్గా చూద్దాం,” అని పండితుడు లేచాడు. మగవాళ్ళు ముగ్గురూ వసారాలో విస్తళ్ళ ముందు కూర్చున్నారు. నాగరత్నం కళ్ళు తుడుచుకుంటూనే వడ్డించడానికి వెళ్ళింది. పప్పు బాగుందన్న మాట లోపలికి వినిపించింది.

నాంచారికి ఒళ్ళు మండిపోయింది. పిల్ల ప్రాణం ఒక్క గుండెలో కొట్టుకుంటూ ఉంటే పప్పు బాగుందట!

“కోపం వచ్చినట్టుందే,” అని ఎవరో సన్నగా అన్నారు. చూస్తే, టీవీ వెనక గూట్లో నెరిసిన కాళ్ళ ముసలి సాలీడు తపస్సు చేసుకునే మునిలా కూర్చుని ఉంది.

“వచ్చింది,” అంది నాంచారి.

“మంచిది. లోపలికి పంపిస్తాను, వెళ్ళు. కాని ఒక్క మాట విను. ఒకసారికి ఒక్కటే సరిచెయ్యి. రెండు కలిపి కదిలిస్తే ఏది బాగుచేసిందో, ఏది చెడగొట్టిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.”

సాలీడు తన దారం ఆమె నడుముకు చుట్టి మంత్రం చదివింది. నాంచారి ఆవగింజంత అయి, సన్నని సందులోంచి చిన్న కంప్యూటరు లోపలికి జారింది.

మొదటి వాకిట్లో కొండంత యక్షుడు డొక్కలు పట్టుకుని పడి ఉన్నాడు. ఈ యంత్రాన్ని భుజాన మోయవలసినవాడు అతనే.

“ఎందుకు తాతా, మాటిమాటికీ తూలిపోతున్నావు?” అని అడిగింది నాంచారి.

“తిండి లేక తూలుతున్నాను! నా నోటికి వచ్చే ముద్దలో సగం ఆ పక్క కన్నంలోంచి ఎవడో లాగేస్తున్నాడు. అడగబోతే వాడికి నా మాట వినపడదు,” అని యక్షుడు మూలిగాడు.

పక్క కన్నంలోకి పోలయ్య ఫోను తీగ ఇనుప స్తంభంలా దిగబడి ఉంది. నాంచారి వెనక్కి ఆనుకుని, రెండు కాళ్ళతో దాన్ని తన్నింది. అది కదలలేదు. ‘చిన్నప్పుడు కళ్ళు మూసుకుని ఆడేవాడట!’ అనుకుని, పళ్ళు బిగించి మళ్ళీ తన్నింది. స్తంభం ఊడి బయటపడింది. యక్షుడు కడుపునిండా మింగి, నిటారుగా లేచి నిలబడి ఆమెకు దారి ఇచ్చాడు.

రెండో వాకిట్లో నాలుగు చేతుల రాక్షసుడు చెమటలు కక్కుతూ డప్పు కొడుతున్నాడు. ఆ డప్పు దెబ్బకే ఆటలో ప్రతిదీ కదులుతుంది.

“నెమ్మదిగా కొట్టు!” అని అరిచింది నాంచారి.

“రెట్టింపు కొట్టమని పండితుడి ఆజ్ఞ. పాత వేగం నాకిప్పుడు గుర్తులేదు. ఆపి మొదలుపెడదామంటే, డప్పు ఆగితే ఆట తడబడి, నీ చెల్లెలికి మిగిలిన ఆ ఒక్క గుండె కూడా ఆరిపోతుంది. నన్నేం చేయమంటావు?” అని రాక్షసుడు ఏడ్చినంత పని చేశాడు.

డప్పు ఆపకుండానే వేగం తగ్గించాలి. నాంచారికి ఆ ఆటలోని పాట గుర్తొచ్చింది. పేరిందేవి మూడేళ్ళుగా రోజూ ఆడుతూ ఉంటే, తన చెవుల్లో నాటుకుపోయిన పాట అది. ఎవరి ముందూ ఎన్నడూ పాడని నాంచారి ఆ పాట ఎత్తుకుంది. మొదట నోట్లోనే పాడుకుంది. రాక్షసుడు ‘వినపడటంలేదు’ అన్నట్టు తల ఊపాడు. ఆమెకు కోపం ముంచుకొచ్చి గట్టిగా అందుకుంది. డప్పు కొంచెం కొంచెం వెనక్కి తగ్గి, చివరికి పాటతో జత కలిసింది. “ఇదే, ఇదే!” అని రాక్షసుడు నాలుగు చేతులూ ఆడించాడు.

మూడో వాకిట్లో ఒక కోతి నాలుగు తాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. ఎగిరే తాడు వంగే కొక్కేనికీ, వంగే తాడు ఎగిరే కొక్కేనికీ కట్టి ఉన్నాయి.

“ఈ ముడులు విప్పి సరిగ్గా కట్టు,” అంది నాంచారి.

“నేను ఒట్టు వేసుకున్నాను. ముడులు మార్చినవాడే తన నోటితో ‘నేనే మార్చాను’ అనాలి. నాకు వినపడాలి. అప్పుడే విప్పుతాను,” అని కోతి ఇకిలించింది. “స్తంభాన్ని తన్ని యక్షుణ్ణి లేపావు, రాక్షసుణ్ణి పాడి లొంగదీశావు. ఒక పెద్దమనిషి చేత తప్పు ఒప్పించు, చూద్దాం!”

దారం పట్టుకుని నాంచారి పైకి పాకి, టీవీ ముందు తన మామూలు ఎత్తులో నిలబడింది. అప్పటికే మగవాళ్ళు తిరిగి వచ్చారు. పండితుడు త్రేన్చి, మీటల పలక చేతిలోకి తీసుకుంటున్నాడు.

“ముట్టుకోకండి!” అంది నాంచారి.

అందరూ ఉలిక్కిపడ్డారు. అంత గట్టి గొంతు ఆ పిల్ల నోట ఎవరూ ఎన్నడూ వినలేదు.

“మీటల వరస మార్చింది మీరు. ఆ మాట మీ నోటితో చెప్పండి. గట్టిగా చెప్పండి.”

“నేనా? ఈ పిల్లకేదో గాలి సోకినట్టుంది,” అని పండితుడు నవ్వాడు.

“నా ఫోను తీగ ఎవరు పీకేశారు?” అని పోలయ్య అటుపక్క నుంచి కేకలేశాడు.

“నేనే పీకాను బాబాయ్! యంత్రం తిండి నీ ఫోనుకు పెట్టుకుంటావా? పేరి గుండె ఒకటి నీ ఫోను తిన్నది!”

పోలయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు. జగ్గయ్య మాత్రం కూతుర్ని గద్దించాడు. “పెద్దవాళ్ళతో మాట్లాడే తీరేనా అది?”

“చెల్లి చచ్చిపోతుంటే ఏ తీరుగా మాట్లాడాలి నాన్నా? ఆయన మార్చాడు. నేను చూశాను. మూల కూర్చున్నదానికి అన్నీ కనిపిస్తాయి.”

భైరవమూర్తి ముఖం ఎర్రబడింది. “ఆస్థాన పండితుణ్ణి! రాజుగారే నా మాటకు ఎదురు చెప్పరు.”

అప్పుడు నాగరత్నం పప్పుగరిటె ఒక చేత్తో పట్టుకునే వచ్చి, రెండో చేత్తో ఆయన చేతిలోంచి మీటల పలక లాగేసుకుంది. “అయ్యా, మీ పరువు మీ దగ్గరే ఉంటుంది, ఎవరూ తీసుకుపోరు. నా బిడ్డకు ఒక్క గుండె ఉంది. అడిగింది చెప్పండి.”

“నేనే... మార్చాను,” అని పండితుడు గొణిగాడు.

“కోతికి వినపడలేదట. గట్టిగా!” అంది నాంచారి.

“నేనే మార్చాను!”

చిన్న కంప్యూటరులో టక్కుమని ముడులు ఊడిన చప్పుడు వినిపించింది.

నాగరత్నం పలకను నాంచారి చేతుల్లో పెట్టింది. నాంచారి ఎగిరే మీట నొక్కింది. పేరిందేవి పరికిణీ కుచ్చెళ్ళు ఎత్తిపట్టి గుంట మీదుగా ఎగిరి అవతల వాలింది. మంటల వంతెన దాటింది, మొసళ్ళ నడుమ రాళ్ళ మీద గెంతింది, కత్తుల చక్రాల కింద సరిగ్గా సమయానికి వంగింది. ఆఖరి కోటలో ఒక బాణం జడను తాకీ తాకకుండా పోయినప్పుడు, గదిలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. తరువాతి గెంతుకు పేరిందేవి గంట తాడు అందుకుని వేలాడింది.

గంట ఖంగున మోగింది. టీవీ అద్దం నీళ్ళలా కదిలింది. పేరిందేవి చాప మీద దబ్బున పడింది. మసిమల్లుడి శాపం ఆ చప్పుడుతోనే రాజ్యమంతటా తీరిపోయింది. తల్లి ఆ పిల్లను గుండెలకు హత్తుకుని, నవ్వుతూ ఏడుస్తూ అన్నం కలిపి పెట్టింది.

జరిగినదంతా రాజుగారి చెవిన పడింది. సాయంత్రానికి కోట నుంచి దూత వచ్చి రాజుగారి ఆజ్ఞ చదివాడు. నీలిగుట్ట రాజ్యానికి ఇకమీదట నాంచారే యంత్రాధికారిణి. భైరవమూర్తి మూడేళ్ళు ఆమె కింద పనిచేయాలి. ఏ మీట కదిపినా పైకి చెప్పి మరీ కదపాలి. జగ్గయ్య కూతురి తల నిమిరాడు. పోలయ్య కూడా ‘మా అన్న కూతురే’ అని వీధిలో నలుగురికీ చెప్పి వచ్చాడు.

నాంచారి ఆ సంబరం చెల్లెలితో పంచుకోవాలని లోపలి గదికి వెళ్ళింది. అన్నం తిన్న దగ్గర్నుంచీ పేరిందేవి ఆమె దగ్గరికి రాలేదు. గది గుమ్మంలో, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

“లోపలినుంచి నువ్వు నాకు కనబడుతూనే ఉన్నావక్కా,” అంది పేరిందేవి. “బాబాయి తీగ పెట్టడం చూశావు. ఆ పండితుడు వేగం పెంచడం చూశావు. మీటలు మార్చడం చూశావు. పొద్దున్నే అన్నీ చూశావు. నోరు తెరుస్తావు, మళ్ళీ మూసుకుంటావు. నేను రెండుసార్లు పడి చచ్చాను.”

“భయం వేసింది, పేరీ. అంతమంది ఉన్నారని...”

“నాకు వేయలేదా?” అని పేరిందేవి తలుపు మూసేసింది.