తేటనీళ్లలో తెల్లచొక్కా

మధ్యాహ్నం ఒంటిగంటా పది. అద్దకం ఫ్యాక్టరీ మూడో నంబరు ట్యాంకు. నిచ్చెనకు చిక్కుకుని ఆపరేటర్ శవం. నీళ్లు తేటగా ఉన్నాయి. చొక్కా తెల్లగా ఉంది. తల వెనక దెబ్బ.

మూడింటికల్లా అతని బావమరిది లాకప్‌లో ఉన్నాడు.

"పన్నెండింటికి ట్యాంకు గట్టు మీద ఇద్దరూ కొట్లాడుకుంటుంటే ల్యాబ్ కిటికీలోంచి చూశాను," అన్నాడు ఫ్యాక్టరీ కెమిస్ట్.

"అబద్ధం సార్. బావ కనబడనే లేదు. షెడ్లన్నీ వెతికి వచ్చేశాను. ట్యాంకులోకి ఎవరు చూస్తారు?"

"ఎందుకెళ్లావ్?" అన్నాడు ఎస్సై.

"అక్కను కొట్టాడు. అడుగుదామని."

"అడగడానికా, తన్నడానికా?"

"రెండూనూ."

చనిపోయినవాడి భార్య బెంచీ మీద ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"చంపుతానని పొద్దున నా ముందే అన్నాడు. నా తోడబుట్టినవాడే నా కొంప కూల్చాడు."

కేసు అయిపోయినట్టే. ఎస్సైకి మాత్రం మనసు ఒప్పలేదు. మర్నాడు ఆస్పత్రికి వెళ్లి శవం బట్టలు మళ్లీ చూశాడు. ప్యాంటు జేబులో నాలుగు మడతల రుమాలు. విప్పాడు. ముదురు ఎరుపు.

"రక్తమా సార్?" అన్నాడు కానిస్టేబుల్.

"రక్తమైతే ఈపాటికి నల్లబడేది. బండి తియ్యి."

ల్యాబ్‌లో కెమిస్ట్ ఒక్కడే ఉన్నాడు.

"ఆ ట్యాంకులో అద్దకానికి వాడేసిన రంగునీళ్లు ఎప్పుడు నింపారు?"

"ఏడింటికి. పదకొండుకల్లా తేటపడ్డాయి. రాగి కలిపి కాల్చిన మట్టి సార్, నా క్యాటలిస్ట్. ఎండ తగిలితే చాలు, రంగును ముక్కలు చేసేస్తుంది."

"గుడ్డకు పట్టిన రంగునూ?"

"దాన్నీ..."

ఎస్సై రుమాలు బల్ల మీద పరిచాడు.

"జేబులోకి ఎండ పోదు కదండీ. మీ క్యాటలిస్ట్ చొక్కాను ఉతికింది, దీన్ని వదిలేసింది. అతను పడింది ఎర్రనీళ్లలో. పదకొండుకి ముందే చచ్చినవాడు పన్నెండింటికి ఎలా కొట్లాడాడు? పొద్దున ట్యాంకు దగ్గర అతనితో ఎవరున్నారు?"

"నేనే."

"ఎందుకు?"

"నీళ్లలోకి రాగి దిగుతోందని పట్టేశాడు. పొలాలకు వదలనన్నాడు. తనిఖీకొచ్చేవాళ్లకు చెప్తానన్నాడు. పదేళ్ల పని సార్... నా చేతిలో పానా ఉంది."

"అతనికీ పదేళ్ల సంసారం ఉంది. నడువ్."

సాయంత్రం ఎస్సై లాకప్ తాళం తీశాడు.

"పో."

బావమరిది లేవలేదు. "సార్, నేనే చంపానని అక్క నమ్మిందా?"

"నమ్మింది. ఇప్పుడు బయట నీకోసమే నిలబడింది."

అతను గోడవైపు తిరిగాడు.

"ఆవిణ్ణి పంపించేయండి సార్. తర్వాత పోతాను."